పొగ లేని నిప్పు

నిప్పు లేనిదే పొగ రాదన్నది తెలుగువారి నోట నిత్యం వినిపించే మాట. దీనికి ఎదురు ప్రశ్న ఒకటి ఉంది: పొగ లేని నిప్పు ఉంటుందా? తర్కశాస్త్రం చదివినవారికి ఇది పాత ప్రశ్నే. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం ఈనాటికీ ఆ శాస్త్రంలో తొలి పాఠ్యగ్రంథం. కొండమీది పొగను చూసి అక్కడ నిప్పు ఉన్నదని చెప్పవచ్చు కాని, నిప్పును చూసినంత మాత్రాన పొగ కూడా ఉన్నదని చెప్పరాదని ఆ గ్రంథం బోధిస్తుంది. కాలి ఎర్రబడిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ పుట్టాలంటే నిప్పుకు తడి ఇంధనం తోడు కావాలి. దానికి తార్కికులు పెట్టిన పేరు ఆర్ద్రేంధన సంయోగం.

ఉదాహరణ తర్కానిదైనా విషయం వంటింటిది. తడి కట్టె పొగ సంపాదనను తింటుంది, ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. అయితే మూసిన గదిలో ఒక్క రాత్రిలో ప్రాణం తీసేది పొగ కాదు, పొగ లేని నిప్పు. ఈ పాఠం ఆ రెండింటి గురించీ.

బెంగళూరులో గ్యాసు పొయ్యి లేని ఇల్లు అరుదే అయినా కట్టెల పొయ్యి నగరాన్ని పూర్తిగా విడిచిపోలేదు. పాత పేటల్లో స్నానపు నీళ్ళ హండె కింద మండుతూనే ఉంది. పెళ్ళివంటలకు గాడిపొయ్యి తవ్వుతూనే ఉన్నారు. అనంతపురం, కర్నూలు, పాలమూరు వైపు నుంచి భవన నిర్మాణ పనులకు వచ్చిన కుటుంబాలకైతే రేకుల షెడ్డు ముందు మూడు ఇటుకలే వంటిల్లు. అక్కడ కట్టెను కొనవలసిన పనీ తక్కువే, పనిస్థలంలో విరిగిన చెక్క దొరుకుతుంది. కొనేవారు మాత్రం ఇక్కడి మాట తెలుసుకోవాలి. వంటకట్టెలు కన్నడంలో సౌదె, బొగ్గులు ఇద్దిలు, నిప్పులు కెండ. పని వెంట ఊళ్ళు మారేవారికి తమిళనాట విరగు అనీ, మహారాష్ట్రలో సరపణ అనీ మళ్ళీ కొత్త మాటలు ఎదురవుతాయి. కెండ అన్న మాటను మాత్రం గుర్తు పెట్టుకోవాలి, దానితో ముందుముందు పని ఉంది.

కట్టె మండే తీరు

కట్టె మండుతోందని అనుకుంటాము కాని, మంటగా కనిపించేది కట్టె నుంచి వెలువడిన వాయువే. వేడి తగిలిన కట్టె మొదట తనలోని నీటిని ఆవిరి చేసుకుంటుంది. ఆ పని ముగిసేదాకా దాని వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. 200 డిగ్రీలు దాటి 300కు చేరువయ్యేసరికి కట్టె లోపల విచ్ఛిన్నమై మండే వాయువులను, తారు తుంపరలను విడుస్తుంది. ఇవి వాటంతట అవే పూర్తిగా మండడానికి 600 డిగ్రీల ప్రాంతపు వేడి, చాలినంత గాలి, ఆ రెండూ కలిసేందుకు కొంత చోటు కావాలి. అవన్నీ సమకూడితే వెలుగునిచ్చే మంట వస్తుంది. ఏ ఒక్కటి కొరవడినా అదే వాయువు పొగై పోతుంది. కాబట్టి పొగ అంటే కాలకుండా జారిపోయిన కట్టె. వాయువులన్నీ వెళ్ళిపోయాక మిగిలేది బొగ్గు. అది మంట లేకుండా, పొగ లేకుండా కణకణలాడుతుంది.

ఈ వరుస తెలిస్తే పచ్చి కట్టె ఎందుకు ఏడిపిస్తుందో అర్థమవుతుంది. అప్పుడే కొట్టిన కట్టె బరువులో ఇంచుమించు సగం నీరు. చీల్చి, గాలికి, ఎండకు ఆరనిచ్చిన కట్టెలో ఆ తేమ నూటికి 15 నుంచి 20 వంతులకు దిగుతుంది. పచ్చి కట్టెను తూకానికి కొన్నవారు సగం డబ్బు నీటికి ఇచ్చినట్టే. నష్టం అక్కడితో ఆగదు. కిలో పచ్చి కట్టెలోని అరకిలో నీటిని ఆవిరి చేయడానికే మిగతా అరకిలో కట్టె ఇచ్చే వేడిలో ఏడో వంతు ఖర్చవుతుంది. అంతకన్నా పెద్ద నష్టం, ఆ ఆవిరి పొయ్యిని చల్లబరచి వాయువులను అంటుకోనివ్వకపోవడం. అవి పొగగా లేచి గదిలో పరుచుకుంటాయి. వంట పొయ్యిల వల్ల కలుషితమైన ఇంటిగాలి 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మంది మరణానికి కారణమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అత్యధికులు పొగకు ఉక్కిరిబిక్కిరై ఆ రోజే పోయినవారు కారు. ఏళ్ళ తరబడి పీల్చిన పొగ గుండెజబ్బుగా, పక్షవాతంగా, ఊపిరితిత్తుల వ్యాధిగా మారింది, పసిబిడ్డలలో న్యుమోనియాగా వచ్చింది.

ఎండిన కట్టెను గుర్తించడానికి యంత్రమేమీ అక్కరలేదు. రెండు కట్టెలను ఒకదానితో ఒకటి తాటిస్తే ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి మొద్దుగా పలుకుతాయి. ఎండిన కట్టె చివర పగుళ్ళు విచ్చుకుని ఉంటాయి, బెరడు ఊడి వస్తుంది. పల్లెల్లో వానలు రాకముందే కట్టెలు చీల్చి కొట్టంలో పేర్చుకునే ముందుచూపు ఉండేది. నగరంలో కొట్టమూ లేదు, పెరడూ లేదు. అందుచేత కట్టెలు మెట్ల కింద చేరుతున్నాయి. అక్కడే కరెంటు మీటర్లూ ఉంటాయి. మేడమీద కాపురమున్నవారికి అగ్నిప్రమాదవేళ దిగిరావడానికి ఉన్నది ఆ ఒక్క దారే. కట్టెలను మెట్ల దగ్గర నిలవచేయడం ఎంతమాత్రం తగదు. నేలకు జానెడు ఎత్తున ఇటుకలమీద, గోడకు కాస్త ఎడంగా, పైన మాత్రమే కప్పి, పక్కలనుంచి గాలి ఆడేటట్లు పేర్చితే వానాకాలంలో కూడా ఆరుతాయి. పట్టాతో చుట్టూ బిగించి కప్పితే లోపలి తేమ లోపలే ఉండిపోతుంది.

పొయ్యి

మూడు ఇటుకల పొయ్యిలో కట్టె ఇచ్చే వేడిలో నూటికి 10, 15 వంతులే గిన్నెకు చేరతాయి, మిగిలింది గాలిపాలు. 20 లీటర్ల చన్నీళ్ళను స్నానానికి తగినంత వెచ్చబెట్టడానికి అటువంటి పొయ్యికి ముప్పావు కిలో ఎండు కట్టె పడుతుంది. మంటను చుట్టూ మూసి, కింద ఇనుప జల్లెడ, వెనుక పొగగొట్టం అమర్చిన పొయ్యికి పావుకిలో పైచిలుకు చాలు. ఇటువంటి పొయ్యిని రూపొందించినవారు బెంగళూరులోనే ఉన్నారు. గ్రామాలకు విజ్ఞానశాస్త్రాన్ని చేర్చాలన్న సంకల్పంతో భారతీయ విజ్ఞాన సంస్థలో అమూల్య కె. ఎన్. రెడ్డి 1974లో అస్త్ర అనే విభాగాన్ని నెలకొల్పారు. అక్కడి పరిశోధకులు తయారుచేసిన పొయ్యికి అస్త్ర ఒలె అనే పేరు స్థిరపడింది. ఒలె అంటే కన్నడంలో పొయ్యి. వంటకే కాక స్నానపు నీళ్ళకూ ఒక నమూనా చేశారు. కట్టె కింద జల్లెడ ఉండటంవల్ల గాలి అడుగునుంచి లేస్తుంది, బూడిద కిందికి రాలుతుంది, గిన్నె పొయ్యిమీద చక్కగా అమరి కూర్చోవడంవల్ల వేడి పక్కలకు పోదు. తెలుగు ఇళ్ళలోని పొంత పొయ్యి కూడా, పోయే వేడిని వదలక పక్క కుండలో నీళ్ళు కాచుకున్న పొదుపే.

పొయ్యి ఏదైనా మంట పెట్టేవారి చేతిలో చాలా ఉంది. కట్టెను బొటనవేలి లావున చీల్చుకోవాలి. చితుకులతో మంట బాగా రగిలాకనే కట్టె పెట్టాలి. పొయ్యినిండా కూరితే గాలి ఆడదు. కట్టె కొసలు మాత్రమే మండుతుండగా, కాలిన కొద్దీ లోపలికి జరుపుతూ పోవాలి. పొగ ఎక్కువైతే మరో కట్టె పెట్టడం చాలామంది చేసే పొరపాటు. అప్పుడు కావలసింది గాలి. ఒక కట్టె వెనక్కి లాగి, బూడిద కాస్త తీసి, ఊదుగొట్టంతో ఊదితే మంట తిరిగి లేస్తుంది. కిరసనాయిలు, పెట్రోలు రగులుతున్న నిప్పుమీద ఎన్నడూ పోయకూడదు. మంట ధార వెంబడే సీసాలోకి వస్తుంది. పైట, చున్నీ నడుముకు దోపుకుని కూర్చోవాలి. స్నానపు పొయ్యికి పొగగొట్టం ఉంటే ఏటా వానలు వెలిసినాక దాన్ని దులపాలి. తడి కట్టెల పొగలోని తారు గొట్టం లోపల గట్టిపడి, ఒకనాడు అదే అంటుకుంటుంది. పావురం గూడుతో గొట్టం మూసుకుపోయినా పొగ ఇంట్లోకే తిరిగివస్తుంది.

పనిస్థలంలో ఊరికే దొరికే చెక్క అన్నీ పొయ్యికి పనికిరావు. సెంట్రింగుకు వాడిన ప్లైవుడ్డులో జిగురు ఉంటుంది. పాత తలుపుల రంగులో సీసం ఉండవచ్చు, అది మండితే పొగలోకీ బూడిదలోకీ చేరి పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. సరుకు దిగిన చెక్క చట్రాలమీద ముద్ర చూడాలి. హెచ్‌టీ అన్న ఇంగ్లీషు అక్షరాలుంటే వేడితో శుద్ధిచేసిన చెక్క, రంగూ నూనే అంటకపోతే కాల్చవచ్చు. ఎంబీ అని ఉంటే పురుగులమందు పొగతో శుద్ధిచేసినది, దాన్ని పొయ్యిలో పెట్టకూడదు. మంట త్వరగా అంటుకుంటుందని టైరు ముక్కో ప్లాస్టిక్ సంచో వేయడం మరీ ప్రమాదకరం.

శీతలదేశాల్లో పిల్లల వద్దకు వెళ్ళివచ్చే పెద్దలు అక్కడి గదిలో గాజు తలుపుల ఇనుప పొయ్యిని చూసే ఉంటారు. వాటిలో కొన్నిటికి కెటలిటిక్ పొయ్యి అని పేరు. పొగ వెళ్ళే దారిలో తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మె ఉంటుంది. దాని గదుల గోడలకు పెల్లేడియం, ప్లాటినం వంటి లోహాలు పలుచగా పూసి ఉంటాయి. వాటిని తాకిన పొగ 600 డిగ్రీలు అక్కరలేకుండా 260 డిగ్రీల దగ్గరే మండిపోతుంది. కార్ల పొగగొట్టంలో ఉండేది కూడా ఇటువంటి దిమ్మెయే. 1995లో మద్రాసు, బొంబాయి సహా నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు దాన్ని తప్పనిసరి చేసినప్పుడు సీసం లేని పెట్రోలును కూడా తేవలసివచ్చింది, ఎందుకంటే సీసం సోకితే ఆ లోహపు పూత పనిచేయదు. పొయ్యిలోనూ అంతే. రంగు వేసిన చెక్క, ప్లాస్టిక్, రంగుల కాగితాలు కాల్చితే దిమ్మె చెడుతుంది. వెలిగించేటప్పుడు పక్కదారి మీట తెరిచి పొగను నేరుగా గొట్టంలోకి పోనివ్వాలి. పొయ్యి తగినంత వేడెక్కిందని ముల్లు చూపినాకే మీట మూసి పొగను దిమ్మె గుండా పంపాలి. తొందరపడి మూస్తే చల్లని దిమ్మెకు మసి పట్టి రంధ్రాలు పూడిపోతాయి. పచ్చి కట్టె వేస్తే దిమ్మె చల్లబడి పొగ మళ్ళీ మొదటికి వస్తుంది. అంత ఖరీదైన పరికరం కూడా ఎండిన, శుభ్రమైన కట్టెనే కోరుతుందన్నది ఇక్కడ గమనించదగ్గది.

నివురు గప్పిన నిప్పు

ఇక పొగ లేని నిప్పు సంగతి. ఎర్రని బొగ్గుల రాశిలో అడుగున గాలి తగిలిన బొగ్గు పూర్తిగా కాలి కార్బన్ డయాక్సైడు అవుతుంది. అది పైకి లేస్తూ ఎర్రని బొగ్గుల మధ్యనుంచి వచ్చేటప్పుడు కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. కుంపటి జోరుగా ఉన్నప్పుడు నిప్పులమీద నీలిరంగు మంట ఆడుతుంది. అది కార్బన్ మోనాక్సైడు మండే మంట. నిప్పులు కాస్త చల్లబడి ఆ నీలిమంట ఆరిపోతే, వాయువు మండకుండా గదిలోకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. నివురు గప్పాక కూడా గంటల తరబడి అది వెలువడుతూనే ఉంటుంది. తెలుగులో నివురు గప్పిన నిప్పు అన్న మాటను లోపల దాగిన కోపానికీ శక్తికీ వాడుతుంటారు. పడకగదిలో మాత్రం దాని అర్థం అక్షరాలా అదే.

రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్‌కు ప్రాణవాయువుకన్నా 200 రెట్లకు మించి ఈ వాయువుతో పొత్తు ఎక్కువ. గాలిలో కొద్దిపాటి ఉన్నా రక్తంలో పేరుకుపోతుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, కాళ్ళలో సత్తువ తగ్గడం మొదట కనిపిస్తాయి. మెలకువగా ఉన్నవారు కూడా లేచి తలుపు తీయాలన్న తెలివి కోల్పోతారు, నిద్రపోయేవారికి ఆ హెచ్చరిక కూడా అందదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతులు వచ్చి, ఎవరికీ జ్వరం లేకపోతే తిన్న తిండిని అనుమానించే ముందు నిప్పును అనుమానించాలి. గర్భిణులకు, కడుపులోని శిశువుకు ముప్పు ఇంకా ఎక్కువ.

డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు రాత్రులు చల్లగా ఉంటాయి. వంట ముగిశాక మిగిలిన నిప్పులను సిమెంటు మోసే ఇనుప తట్టలోకి ఎత్తి షెడ్డులో పెట్టుకోవడం, దోమలకు, చలికి తలుపు మూసుకోవడం పరిపాటి. పొగ పూర్తిగా పోయాకనే లోపలికి తెచ్చామన్న ధైర్యం ఉంటుంది. ఆ ధైర్యమే ప్రమాదం. పొగ ఉంటే దగ్గు వచ్చి తలుపైనా తీసేవారు.

బాలింత గదిలో ఈ జాగ్రత్త మరీ అవసరం. బాలింత మంచం కింద కుంపటి పెట్టడం, స్నానం తరువాత తల్లికీ బిడ్డకూ సాంబ్రాణి ధూపం పట్టడం తెలుగు ఇళ్ళలో తరతరాల ఆచారం, కన్నడిగుల బాణంతి కోణెలోనూ అదే వాడుక. గాలి తగలకూడదని కిటికీలు కూడా మూస్తారు. ఈ ఆచారం పుట్టిన ఇళ్ళు వేరు. పూరింటి కప్పులోంచి, పెంకుల సందులోంచి, గోడకూ వాసాలకూ మధ్య ఖాళీలోంచి గాలి వచ్చిపోతూనే ఉండేది. దాలిగుంటలో పాలు రోజంతా కాగినా దాలి పెరట్లోనో వసారాలోనో ఉండేది. నగరంలో స్లాబు కప్పు, అద్దపు కిటికీలు, పది అడుగుల గది. ఆచారం ఊరినుంచి వచ్చింది, ఆ ఇల్లు రాలేదు. అమ్మమ్మ చేసినట్టే చేస్తున్నామన్న మాట నిజమే కాని, అమ్మమ్మ ఇంటి కప్పు కూడా ఆమెతో పాటు పనిచేసిందన్నది మరవకూడదు.

తల్లీబిడ్డలకు వెచ్చదనం కావాలి, నిజమే. గదిలోకి వేడిని తేవాలి కాని నిప్పును తేకూడదు. వేడినీళ్ళ రబ్బరు సంచిని గుడ్డలో చుట్టి, బిడ్డ పడుకునే ముందు పక్కను వెచ్చబరచి తీసివేయవచ్చు. బిడ్డను తల్లి ఒంటికి ఆనించి ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పడం అన్నిటికన్నా మేలు. ధూపం మానుకోలేని ఇళ్ళలో తలుపులు, కిటికీలు తెరిచి, వసారాలో, తల్లి తల ఆరేందుకు కొద్ది నిమిషాలు పట్టి, పాత్రను వెంటనే బయట పెట్టాలి. బిడ్డకు ధూపం వద్దు. కిటికీ వేలెడంత తెరిచి కుంపటి పెట్టుకోవచ్చా అని అడిగేవారుంటారు. ఆ సందు చాలుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. గదిలో గిన్నెతో నీళ్ళు పెడితే విషవాయువును పీల్చుకుంటుందన్న నమ్మకం కూడా ఉంది. కార్బన్ మోనాక్సైడు నీటిలో కరిగేది అత్యల్పం, ఆ గిన్నె వల్ల ప్రయోజనం లేదు. కట్టె పొయ్యి లేని ఇళ్ళు కూడా నిశ్చింతగా ఉండరాదు. కిటికీ లేని స్నానాల గదిలో అమర్చిన గ్యాసు గీజరు నుంచి వచ్చేదీ ఇదే వాయువు.

ఎవరైనా ఇటువంటి గదిలో స్పృహ తప్పి కనిపిస్తే ముందుగా తలుపులన్నీ తెరిచి, వారిని ఆరుబయటికి లాగాలి. కాపాడబోయినవారు లోపల నిలబడి నిప్పులార్పే పని పెట్టుకోకూడదు. 108కి గాని 112కి గాని ఫోను చేయాలి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఆడకపోతే తెలిసినవారు ఛాతీమీద ఒత్తిడి మొదలుపెట్టాలి. ఉల్లిపాయ వాసన చూపించడం, నిమ్మరసమో మజ్జిగో పోయడం వద్దు, స్పృహ లేనివారికి అవి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. కరోనా రోజుల్లో కొన్న, వేలికి తగిలించే ఆక్సిమీటరును ఇక్కడ నమ్మకూడదు. విషవాయువు పట్టిన రక్తాన్ని కూడా అది ప్రాణవాయువు నిండిన రక్తంగానే లెక్కించి 98, 99 అని చూపగలదు. దీనికి చికిత్స ప్రాణవాయువే. మామూలు గాలిలో రక్తంలోని విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఆసుపత్రిలో మాస్కు ద్వారా నిండు ప్రాణవాయువు ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. కాస్త తేరుకున్నారని ఇంట్లోనే ఉంచకూడదు.

వైద్యునికి మొదట చెప్పవలసింది గదిలో నిప్పు ఉన్నదన్న సంగతి. అది చెప్పకపోతే తలనొప్పి, వాంతులు ఎన్నో జబ్బుల్లో వచ్చేవే. కన్నడం రానివారు ఈ ఒక్క వాక్యం నేర్చుకుని పిల్లలకు కూడా నేర్పాలి: కోణెయల్లి కెండ ఇట్టిద్దెవు. గదిలో నిప్పులు పెట్టుకున్నామని దాని అర్థం.

వంట పొయ్యినే మార్చుకోగలవారికి ఒక మాట. 2021 ఆగస్టు 10న మొదలైన ఉజ్జ్వల రెండో దశలో, వలస కుటుంబాలు రేషను కార్డు, చిరునామా రుజువు లేకున్నా స్వీయ ధ్రువీకరణ పత్రంతో గ్యాసు కనెక్షను కోరే వీలు కల్పించారు. కనెక్షను అక్కరలేకుండా గుర్తింపు కార్డు చూపి కొనుక్కునే 5 కిలోల చిన్న సిలిండరు కూడా ఉంది. షెడ్డు మారినప్పుడల్లా దాన్ని వెంట తీసుకుపోవచ్చు. గ్యాసు కారుతున్న వాసన వస్తే ఏ వేళనైనా 1906కు ఫోను చేయవచ్చు.

చివరగా బూడిద. పైకి చల్లగా కనిపించే బూడిదలో నిప్పు మరునాటి దాకా బతికి ఉంటుంది. దాన్ని ప్లాస్టిక్ బుట్టలో ఎత్తి ఉదయపు చెత్తబండిలో వేస్తే బండిలోని కాగితాలు, సంచులు అంటుకుంటాయి, ముందుగా చేయి కాలేది పారిశుద్ధ్య కార్మికులది. బూడిదను మూతగల ఇనుప డబ్బాలో, ఇంటి బయట, ఒక రోజంతా ఉంచి, నీళ్ళు చల్లి, చేత్తో తాకి చల్లబడిందని రూఢి చేసుకున్నాకే బండికి ఇవ్వాలి. రంగు చెక్క కలవని కట్టె బూడిదైతే బండికి కూడా అక్కరలేదు, పూలకుండీల మట్టిలో గుప్పెడు కలుపుకోవచ్చు.